ప్రతిపక్షం పలకందే విస్తరి పడదు

రాజాం బట్టల వర్తకుడు నగరేశ్వరరావుకి బ్రిటిష్ పార్లమెంటు పిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు. విజయనగరంలో ఫిఫ్తు ఫారం దాకా చదివి, ఇంగ్లండు చరిత్ర ఒక్కటీ బుర్రకెక్కించుకుని, మిగతా చదువంతా అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. పంచె కొనడానికొచ్చిన రైతుని కూర్చోబెట్టి, ఆ దేశపు రాజుకి కిరీటమే తప్ప పెత్తనం లేదని గంటసేపు చెప్పేవాడు. పంచె సంగతి రైతే గుర్తుచెయ్యాలి.

"ఇంగ్లీషోడూ బ్రిటిషోడూ ఒకటేనా బాబూ?" అని ఎవరైనా నోరుజారి అడిగారో, ఇక అయిపోయినట్టే.

"స్కాట్లాండోణ్ణి ఇంగ్లీషోడను, కొడతాడు. బ్రిటిషోడను, ఊరుకుంటాడు. రాజామోణ్ణి పట్టుకుని సాలూరోడంటే నువ్వు ఊరుకుంటావేటి? బయటోడికి మాత్రం ఇద్దరం విశాఖ జిల్లావోళ్ళమే కదా!"

"తెల్లోడు పోవాలని దేశమంతా అంటంటే, ఆడి పార్లమెంటు మనకెందుకు?"

"పోవాల్సిందే! ఇక్కడ ఎదురుసెప్పినోణ్ణి జైల్లో ఏస్తన్నాడు. ఆడి దేశంలో ఎదురుసెప్పే పెద్దకి జీతమిచ్చి మరీ కూకోబెడతాడు. మంచి సరుకు ఇంట్లో దాసుకుని మనకి నాసిరకం అంటగట్టాడు. ఆడు పోయేలోగా ఆ మంచి సరుకేదో మనం సూసుకోవాల!"

ఈ పిచ్చి దెబ్బ అందరికన్నా గట్టిగా తగిలింది చెల్లెలు గౌరికి. మొగుడు పోయాక సాలూరులో అత్తింటి చాకిరీ చేసి చేసి, చిక్కి సగమై పుట్టింటికి వచ్చింది. ఎవరేమడిగినా తల వంచుకునేది. అందరూ తిన్నాక వంటింటి మూల తినేది. వచ్చిన వారానికే అన్న ఇంట్లో పార్లమెంటు పెట్టాడు.

తల్లి అప్పలనరసమ్మ రాజు. ఆమెకి ఎత్తుపీట. తను ప్రధానమంత్రి. భార్య కమలాదేవి సభ్యురాలు. గౌరి ప్రతిపక్షం.

"నాకేటీ తెలీదు అన్నియ్యా" అంది గౌరి.

"తెలియక్కర్లేదు. నేనేదంటే అది కాదను. ప్రతిపక్షం పలకందే సభ లేవదు. సభ లేవందే విస్తరి పడదు."

మొదటిరోజు గౌరి పలకలేదు. కూరలు చల్లారిపోయాయి. నగరేశ్వరరావు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రాజుగారే ముందు బతిమాలుకుంది. "ఏదో ఒకటి అనవే తల్లీ, కడుపులో ఎలకలు పరిగెడతన్నాయి."

చివరికి గౌరి నేల చూస్తూ గొణిగింది. "పులుసులో ఉప్పు ఎక్కువైంది."

"శభాష్!" నగరేశ్వరరావు పీట మీంచి ఎగిరి చప్పట్లు కొట్టాడు. ఆ పులుసు వండిన కమలాదేవి మాత్రం కొట్టలేదు.

ఎదురుచెప్పడం ఒకసారి రుచి మరిగాక ఆగుతుందా? నెల తిరక్కుండా గౌరి చిలకల అద్దకం చీరలు దుకాణంలోకి రాకుండా ఆపేసింది. "ఈ సిలకల్ని ఎవరు కట్టుకుంటారు? నువ్వు కట్టుకో!" అంది. ప్రధానమంత్రి ఓడిపోయి మురిసిపోయాడు. ఒక పొద్దున్న దుకాణం తెరవడానికి లాంఛనంగా సెలవడిగితే, రాజుగారు కోపంలో "వద్దు" అంది. నగరేశ్వరరావు గుండెలు బాదుకున్నాడు. "రాజు వద్దనకూడదమ్మా! సింహాసనం పోతాది!"

"పోతే పోనీరా, ఈ పీట గుచ్చుకుంటంది."

నలభై అయిదులో, యుద్ధం గెలిపించిన ప్రధానమంత్రినే బ్రిటిష్ జనం ఓటేసి దించేశారని పేపర్లో వచ్చింది. నగరేశ్వరరావు బజారంతా బెల్లం పంచాడు. స్వతంత్రం వచ్చేసిందనుకుని నలుగురు జెండా కూడా ఎగరేశారు.

ఆ వారంలోనే సాలూరు నుంచి గౌరి మరిది ధర్మారావు దిగాడు. "బావా, మా ఆడది నీళ్ళోసుకుంది. ఇంట్లో వండేవాళ్ళు లేరు. వదినని తీసుకెళ్తాను" అన్నాడు. గౌరిని అడగలేదు, ఆమె వైపు చూడనైనా లేదు. వియ్యాలవారి మాట మొహాన కాదనడం ఆ ఇళ్ళలో లేదు.

నగరేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "గౌరిని సాలూరు పంపాలని ప్రభుత్వం ప్రతిపాదిస్తన్నాది."

సొంత అన్నే ఇంత మాటంటాడా? గౌరి తలెత్తి అతనివైపు చూసింది. అతను దూలాలు లెక్కపెడుతున్నాడు. "ప్రతిపక్షం ఏటంటాది?" అన్నాడు, రోజూ పులుసు గురించి అడిగే గొంతుతోనే.

గౌరి లేచి నిలబడింది.

"నేను ఒప్పుకోను. సాలూరులో నోరిప్పితే ఇంటికి అరిష్టమని అన్నం పెట్టలేదు. ఇక్కడ నోరిప్పకపోతే అన్నం పెట్టరు. నేనిక్కడే ఉంటాను!"

"నేను గౌరి పక్షం" అని కమలాదేవి గరిటె ఎత్తింది. ఆ చెయ్యి దించే ఉద్దేశం ఆమెకి ఉన్నట్టు లేదు.

నగరేశ్వరరావు విచారంగా మొహం పెట్టాడు. "నా ప్రభుత్వం పడిపోయింది బావా. నేను పంపాలనే అన్నాను, నువ్వే విన్నావు. ఇప్పుడు నా మాట సెల్లదు."

ధర్మారావు అప్పలనరసమ్మ కేసి తిరిగాడు. "అత్తయ్యా, మీరైనా సెప్పండి!"

"నేను రాజుని బాబూ" అందావిడ, పీట మీద సర్దుకు కూర్చుంటూ. "నాకు కిరీటమే గాని పెత్తనం లేదు."

ధర్మారావు బండి వీధి మలుపు తిరిగేదాకా ఎవరూ నవ్వలేదు. తరవాత ఆపుకోవడం ఎవరివల్లా కాలేదు. గౌరి నవ్వుతూనే ఏడ్చింది. ఇన్నాళ్ళూ పులుసు మీదా చిలకల మీదా అన్న తనచేత దెబ్బలాడించింది ఈ ఒక్క పూట కోసమేనని ఆమెకి తెలిసిపోయింది. "అన్నియ్యా..." అని ఏదో అనబోయింది. అతను వినిపించుకోలేదు. ఓడిన ప్రధానమంత్రి పదవి దిగాలిగా! ఇంటి తాళాల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి ప్రధానమంత్రి పీట మీద గౌరి కూర్చుంది. ఎదురుపీట మీద నగరేశ్వరరావు మఠం వేసుకుని, ఖాళీ విస్తరి చూసి మొహం చిట్లించాడు.

"పులుసులో ఉప్పు ఎక్కువైంది!"

"ఇంకా వడ్డించందే?" అంది కమలాదేవి.

"వడ్డించేదాకా ఆగితే అదేం ప్రతిపక్షమే!"