సింహాచలం మోకాలు

ఈ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. మలయాకి స్వాతంత్ర్యం వస్తున్న మెర్డెకా సంబరాల ఫుట్‌బాల్ ఆటకి మా రబ్బరు తోట ఆటగాళ్లను రెండు జట్లుగా పంచుకుంటున్నాం. వంతుకి ఒక్కరినే కోరుకోవాలి. ముందు వంతు నాది. గోల్ కొట్టడంలో మొనగాడు సింహాచలం, వాణ్నే కోరుకోబోయాను. అవతలి జట్టు పెద్ద, కూలీలకి పని పంచే కంగాణి అప్పన్న, నా చెవిలో ఊదాడు.

"ఆడి మోకాలు పోనాది తమ్ముడా. నడవనేకపోతన్నాడు, సూడు లా!"

నిజంగానే సింహాచలం కుంటుతున్నాడు. ఇంకొకణ్ని కోరుకున్నాను. వెంటనే అప్పన్న సింహాచలాన్ని ఎగరేసుకుపోయాడు.

సాయంత్రం, అడవిలోని తిరుగుబాటుదార్ల భయానికి పెట్టిన కర్ఫ్యూ సైరన్ మోగగానే, మా ఇళ్ల చుట్టూ ఉన్న ముళ్లకంచె గేటు మూసేలోగా లోపల పడాలని అందరం పరుగెత్తాం. అందరికన్నా ముందు దూరినవాడు సింహాచలం!

"మోకాలేటయినాది రా?" అని నిలదీశాను.

"కంగాణి కుంటమన్నాడు, కుంటినాను. రేపు పనిచ్చేది ఆడే కదా మావా."

దొరల పెత్తనం పోతోందని జెండాలు కడుతున్నాం. ఈ అప్పన్నల పెత్తనం ఎప్పుడు పోతుందో మీలో ఎవరైనా చెప్పండి.