మేడం ఫొటోతో కబడ్డీ పాంప్లెట్

ఐదేళ్లుగా నేను రాస్తున్న థీసిస్ చదివి ఇప్పటివరకు ఒక్కరి కంట్లోనూ తడి రాలేదు. మా గైడుకు ఒకసారి వచ్చింది, అదీ విసుగుతో. కానీ ఒక మధ్యాహ్నం హాస్టల్ మంచం మీద పడుకుని ఫోన్లో నేను చేసిన కబడ్డీ పాంప్లెట్ చూసి తార్నాక నుంచి సీతాఫల్‌మండి దాకా ఆడవాళ్లు ఏడ్చారు. ఆ ఘనత నాకెలా దక్కిందో చెప్తాను.

మా క్యాంపస్‌లో అమ్మాయిలకు కబడ్డీ నేర్పే కోచ్ మేడం అనంతపురం వైపు మనిషి. ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లయినా యాస మాత్రం అక్కడే ఉండిపోయింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు, మెడలో ఎప్పుడూ ఈల. నేను ఆటలాడే రకం కాదు. పొద్దున్నే గ్రౌండు చుట్టూ నడిచేదాన్ని, అంతే. ఆ నడక చూసి ఆమె దూరం నుంచే, "పాపా, నడుస్తాండావా, కూరగాయలు బేరం చేస్తాండావా?" అని అరిచేది. అట్లా పరిచయమయ్యాం.

ఆ నెలాఖరుకు మేడం రిటైరవుతోంది. పోయేలోగా ఆడవాళ్ల కబడ్డీ టోర్నమెంటు ఒక్కటైనా పెట్టించాలని ఆమె కోరిక. ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. ఈసారి స్పోర్ట్స్ ఆఫీసు వాళ్లు ఎట్టకేలకు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా ఎనిమిది టీముల పేర్లు అందితే గ్రౌండు ఇస్తారు. లేకపోతే అది మగపిల్లల క్రికెట్‌కు పోతుంది. మేడం చేతిలో ఉన్నవి ఆరు టీములే.

"మీ పాత స్టూడెంట్లను పిలవండి మేడం" అన్నాను.

"వాళ్లకు పెండ్లిండ్లు, పిల్లోల్లు, ఉద్యోగాలు. నన్ను ఎవరు గుర్తు పెట్టుకుంటారు పాపా" అంది. నవ్వుతూనే అంది కానీ నాకు మనసు చివుక్కుమంది. ఆ చివుక్కులోనే నోరు జారాను. "పాంప్లెట్ నేను చేస్తా మేడం. నాకు డిజైనింగ్ వచ్చు."

నాకొచ్చిన డిజైనింగల్లా మా అక్క కూతురి మొదటి పుట్టినరోజుకు ఆన్‌లైన్‌లో ఒక కార్డు చేయడమే. ఏమీ రానివాళ్ల కోసమే పెట్టిన సైటది. అన్నీ వాళ్లే తయారుచేసి పెడతారు, మనం పేరు మార్చుకుంటే చాలు. అందులో కబడ్డీ అని వెతికితే కరాటే వచ్చింది, యోగా వచ్చింది, బేస్‌బాల్ బ్యాటు పట్టుకుని నవ్వుతున్న ఒక తెల్లమ్మాయి వచ్చింది. ఆమెను వేస్తే మాణికేశ్వర్ నగర్ నుంచి ఒక్కరైనా వస్తారా?

అప్పుడు నా రూమ్మేట్ కలగజేసుకుంది. జనగాం దగ్గర పల్లె నుంచి వచ్చిన పిల్ల, గోడల సంగతి నాకన్నా బాగా తెలుసు. "అక్కా, మొకం లేకుంటె పోస్టర్ ఎవ్వరు సూడరు. సందుకొక ఫ్లెక్సీ ఉన్నది, అన్నిట్ల మొకాలే. పైన ఏడు గుండ్రాలు పెట్టు, పెద్దసార్లందర్నీ ఎయ్యి" అంది. ఏడుగురు పెద్దసార్లను వేస్తే కబడ్డీకి చోటెక్కడిది? ఒక్క ముఖమే వేస్తాను, అది మేడందే అని పట్టుబట్టాను.

మేడం ఫొటో కావాలంటే దొరికింది ఐడీ కార్డు మీదిదొక్కటే. అందులో ఆవిడ కెమెరా ఫౌల్ చేసినట్టు గుడ్లురిమి చూస్తుంది. దాన్ని సైటులో పెట్టి ఒక్కసారి నొక్కితే గుండ్రంగా కత్తిరించి ఇచ్చింది. చుట్టూ బోడిగా ఉందని అక్క కూతురి కార్డుకు వాడిన బంతిపూల చట్రం తగిలించాను. ఆటలన్నాక జ్యోతి ఉండాలి కదా, ఫొటోకు అటొకటి ఇటొకటి కాగడాలు పెట్టాను. పెద్ద పోటీలు మొదలయ్యేటప్పుడు పావురాలు ఎగరేస్తారని గుర్తొచ్చి నాలుగు తెల్ల పావురాలను పైకి వదిలాను. ఫొటో కింద టోర్నమెంటు మొదలయ్యే తేదీ, ఒక గీత, ముగిసే తేదీ. దాని కింద "గ్రౌండులో, ఉదయం ఎనిమిదికి. అందరూ తప్పక రాగలరు" అని, నా ఫోన్ నంబరు. అన్నిటికన్నా పైన "మహిళల కబడ్డీ టోర్నమెంటు" అని నారింజ రంగు మీద లేత పసుపు అక్షరాలు. ఎంత ముద్దొచ్చిందో! ఇంత కళ నాలో పెట్టుకుని ఐదేళ్లు ఫుట్‌నోట్లు రాస్తూ కూర్చున్నానా అని నా మీద నాకే జాలేసింది.

తార్నాకలో జిరాక్స్ షాపుకు పోతే కలర్ మెషిన్ పాడైంది, వారం పడుతుందన్నారు. మాకు అంత టైం లేదు. బ్లాక్ అండ్ వైట్‌లోనే తీయమన్నాను. షాపాయన మొదటి కాగితం బయటికి రాగానే చూసి, ఎందుకో గొంతు తగ్గించాడు.

"ఎప్పుడమ్మా?"

"వచ్చే శుక్రవారం అన్నా."

ఆయన మెషిన్ ఆపేశాడు. "వచ్చే శుక్రవారమా? మరి... మేడంకు తెల్సా?"

"తెలియకపోవడమేంటన్నా, ఆమె కోరికే ఇది. ఎన్నేళ్ల నుంచో అడుగుతోంది."

ఆయన మెషిన్ మళ్లీ నడిపాడు. కాగితాలన్నీ సర్ది, రెండు చేతులతో నా చేతిలో పెట్టాడు. ఈ రోజుల్లో ఇంత మర్యాద ఎక్కడుంది అనుకుంటూ వచ్చేశాను. లేత పసుపు అక్షరాలు నారింజలో కలిసిపోయి కబడ్డీ అన్న మాట కాగితం మీద లేకుండా పోయిందని నేను గమనించలేదు. బుర్ర నిండా మెచ్చుకోలు ఉన్నప్పుడు కళ్లు పనిచేయవు.

రూమ్మేట్ స్కూటీ నడుపుతుంటే వెనక కూర్చుని నేను మైదా బకెట్ పట్టుకున్నాను. సీతాఫల్‌మండి స్టేషన్ దగ్గర గోడకు, వారాసిగూడ సందుల్లో, క్యాంపస్ పక్క గేటు దగ్గర అంటించాం. మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న, "నిజమేనా?" నిజమే, అందరూ రండి అంటే "అయ్యో" అని పెట్టేసేవాళ్లు. ఒకామె, "ఊరికి తీస్కపోతలేరా, గీడ్నేనా?" అని అడిగింది. ఇక్కడే, గ్రౌండులోనే అన్నాను. "గ్రౌండులనా!" అని ఆమె ముక్కు చీదుతూ పెట్టేసింది. పబ్లిసిటీ అదిరిపోతోందని రూమ్మేట్‌తో చెప్పాను. ఒక్కరు కూడా టీము పేరు ఇవ్వడం లేదన్న దిగులు మాత్రం ఉంది.

శనివారం పదింటికి కూడా ఆరు టీములే. మేడం గ్రౌండులో వంగి సున్నంతో గీతలు గీస్తోంది. గ్రౌండు వస్తుందో రాదో ఇంకా తెలియదు. అప్పుడే గేటు దగ్గర మూడు ఆటోలు ఆగాయి. అందులోంచి పదమూడు మంది ఆడవాళ్లు దిగారు. ఖాకీ చీరలో ఒక బస్ కండక్టరు, తెల్లకోటు విప్పకుండానే వచ్చిన ఒక నర్సు, ఇద్దరు ముగ్గురు టీచర్లు. ముందున్నామె చేతిలో బారెడు గులాబీ దండ. అందరూ ఏడుస్తున్నారు.

ఏంటీ గోల అని మేడం నడుము పట్టుకుని లేచింది. ముఖమంతా సున్నం. దండ పట్టుకున్నామె కెవ్వుమని అరిచి దండ వదిలేసి నర్సు వెనక దాక్కుంది.

"ఏమే, ఏమైందే మీకు?" అని మేడం గర్జించింది. ఆ గొంతు విన్నాక అందరికీ ప్రాణం కుదుటపడింది. కండక్టరమ్మ బ్యాగులోంచి నా పాంప్లెట్ తీసి ఇచ్చింది. మేడం ఒకసారి దాన్ని చూసింది, ఒకసారి నన్ను చూసింది. అప్పుడే నేనూ మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాను. పూలచట్రం, దీపాలు, పావురాలు, రెండు తేదీలు. చచ్చినా కబడ్డీ కనబడలేదు.

"నన్ను సంపేసినావు కదే పాపా!" అంది మేడం. ఆ తర్వాత ఓ ఐదు నిమిషాలు నన్ను తిట్టిన తిట్లలో సగం నాకు అర్థం కాలేదు, అదే మంచిదైంది.

కండక్టరమ్మ మాత్రం ఏడుపు ఆపడం లేదు. ఉన్నానుగా, ఇంకా ఏడుపెందుకని మేడం కసిరింది. "నాకు తెల్సని మీకు చెప్పలేకపోతినని ఏడ్చిన మేడం" అందామె. "నాకప్పుడు బూట్లు లేకుండె. అది ఎవ్వరికి తెల్వొద్దని మీరు ఏడాది పొడుగుత టీమందర్ని ఉత్తకాళ్లతోనే ఆడిచ్చిండ్రు. నేల మీద పట్టు దొరుకుతది అని అబద్ధం చెప్పిండ్రు."

మిగతా పన్నెండు మందికీ కారణం అప్పుడే తెలిసింది. మేడం సున్నం చేతులు చీరకు తుడుచుకుంటూ, "అబద్ధమేం కాదు, పట్టు దొరుకుతాది" అని పక్కకు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు నేను చూశాను.

మళ్లీ ఇటు తిరిగినప్పుడు మాత్రం కోచే. వేలుతో లెక్కపెట్టింది. "పదమూడు. ఏడుగురు ఒక టీము, ఆరుగురు ఇంకొకటి. ఒకరు తక్కువ." నా వైపు చూసింది. "పాంప్లెట్ చేసిన మహాతల్లీ, ఇట్ల రా."

నాకు ఆట రాదన్నాను. డిజైనింగ్ కూడా రాదు కదా, చేయలేదా అంది. కాగితం మీద పద్నాలుగో పేరు నాదే రాశాను. రెండింటికి పావుగంట ముందు ఎనిమిది టీముల కాగితం ఆఫీసులో ఇచ్చాం. మొదటి మ్యాచ్‌లో మొదటి కూతకే నేను దొరికిపోవడం, మా టీము చిత్తుగా ఓడిపోవడం తర్వాతి వారం సంగతి. గ్రౌండు మాత్రం మేడందే అయింది. తెచ్చిన దండ పారేయడం ఎందుకని మేడం తనే మెడలో వేసుకుంది.

సాయంత్రం పాంప్లెట్లు పీకడానికి బయల్దేరితే మేడం కూడా స్కూటీ ఎక్కింది. స్టేషన్ గోడ దగ్గర నేను చెయ్యి పెట్టబోతే ఆపి, కొసలు చిరగకుండా తనే మెల్లగా ఊడదీసింది. చాలాసేపు చూసి నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో దాచుకుంది.

"సారీ మేడం" అన్నాను.

"సారీ యాల పాపా? నేను పోతే ఎవరన్నా వస్తారో రారో అని ఒకో రోజు అనుకుంటాంటి. తెలిసిపాయ కదా." బ్యాగు జిప్పు వేసింది. "నిజంగా పోయినప్పుడు కూడా ఇదే వెయ్యి. తేదీలు మార్చు, సాలు."

నాకు నవ్వు రాలేదు. గోడకు మిగిలిన కాగితం ముక్కల్ని గోళ్లతో గీకుతూ అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. స్టేషన్లోంచి వచ్చేవాళ్లు ఆగి చూస్తున్నారు. చెవి పక్కనే ఈల మోగింది.

"ఏడ్చింది సాలు పద. వారాసిగూడలో నేను ఇంకా సచ్చే ఉండా."