ఆరు నిమిషాల నడక

గద్వాలలో చీరలు నేసే ఇంట్లో పుట్టాను. పద్నాలుగేళ్లకు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే, మళ్లీ లేచింది అరవై ఆరో ఏట. నడక గురించి ఎన్నడూ ఆలోచించినవాణ్ణి కాదు. మేం పడుకునే గదికి, మగ్గానికి మధ్య పది అడుగులు కూడా ఉండవు. పనంతా చేతులతో, గుంటలో కాళ్ల కింద ఉండే తొక్కుడు కర్రలతో నడిచిపోయేది.

ఆ ఏడు పెద్దపేగులో గడ్డ ఉందని తేలింది. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో కోసి తీశారు. తర్వాత ఆరు నెలలు సెలైన్‌తో పాటు మందు ఎక్కించారు. మందు పని చేసిందనే చెప్పారు. కానీ దాని వల్ల నా రెండు పాదాలూ మొద్దుబారాయి. చెప్పులు తొడుక్కున్నానో లేదో కిందికి చూసి తెలుసుకోవాల్సి వచ్చేది. తిరిగి మగ్గమెక్కిన రోజు ఏ కర్ర తొక్కుతున్నానో కాలికి తెలియక అంచు మొత్తం తప్పుపోయింది. మూడు రోజులు పట్టు వదలకుండా కూర్చున్నాను. నాలుగో రోజు లేచి వచ్చి మంచం మీద పడుకున్నాను.

చూడవచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట చెప్పారు, కదలొద్దని. కడుపు కోసిన మనిషివి, వయసు మీద పడ్డది, కూర్చుని తిను అన్నారు. నా భార్య అలాగే చూసుకుంది. టీ, అన్నం, మందులు, చివరికి చేతులు కడుక్కునే నీళ్లు కూడా మంచం దగ్గరికే తెచ్చేది. అలా ఏడాది గడిచింది. నేను నెమ్మదిస్తున్నానని నాకు తెలియలేదు. రోజూ ఇంట్లోనే ఉండేవాడికి ఎంత నెమ్మదిగా నడుస్తున్నాడో చెప్పేదెవరు?

అది తెలిసింది బస్టాండులో. చెకప్పుకు హైదరాబాదు పోవాలి. బస్సు కదలబోతోంది. మా ఆవిడ కేకేస్తే కండక్టరు ఆపించాడు. ఆటో దిగిన చోటి నుంచి బస్సు దాకా ఏమంత దూరం కాదు. అయినా నేను ఆమె భుజం పట్టుకుని వెళ్తుంటే బస్సులో వాళ్లంతా కిటికీల్లోంచి చూస్తూ ఉండిపోయారు. నేను తొందరపడాలనుకున్నాను, కాళ్లు రాలేదు. ఎక్కాక ఒక ఆడమనిషి లేచి నాకు సీటిచ్చింది. ఆమె నాకంటే ఐదారేళ్లు పెద్దదే ఉంటుంది. కూర్చున్నానే గాని కొత్తకోట దాటేదాకా తలెత్తలేదు.

ఆ సంగతి డాక్టరుతో చెప్పాను. రిపోర్టులన్నీ బాగున్నాయన్నాడు. మరి నడక ఎందుకిలా అయిందంటే, వనపర్తిలో ఒక దవాఖానలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉందని చీటీ రాసిచ్చాడు.

ఆ అమ్మాయి మా మనవరాళ్ల ఈడుది. నా కాళ్లు చూస్తుందనుకున్నాను. ఆమె గడియారం తీసింది. పొడుగాటి వరండాలో ఆ కొసకొకటి, ఈ కొసకొకటి కుర్చీలు వేసింది. ఆరు నిమిషాలు ఈ కుర్చీ నుంచి ఆ కుర్చీకి తిరగాలి, ఆయాసమొస్తే ఆగొచ్చు, కూర్చోవచ్చు, గడియారం మాత్రం ఆగదని చెప్పింది. నేను ఏడుసార్లు తిరిగాను. మధ్యలో ఒకసారి కూర్చున్నాను.

నా తర్వాత ఒకామె వంతు. గోపాల్‌పేట మండలంలో ఒక ఊరు ఆమెది. సొంత చేను, పల్లీ వేస్తారు. రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయి రెండేళ్లయింది, ఒక చెయ్యి వాచి పట్టీ కట్టి ఉంది. నాకంటే ఏడాది పెద్దది. పదకొండుసార్లు తిరిగి, ఆయాసం కూడా లేకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంట్లో వాళ్లు ఆమెనూ కూర్చోమనే అన్నారట. వాళ్లు చూడనప్పుడు చేను చుట్టూ తిరిగి వచ్చేదట. తనకు తోడబుట్టినవాళ్లు లేరని, నన్ను అన్నా అని పిలవడం ఆ రోజే మొదలుపెట్టింది. పెద్దదానివి నువ్వే కదా అంటే, నడకలో చిన్నదాన్ని అంది.

పోయేముందు నేను ఫిజియో అమ్మాయిని ఒక మాట అడిగాను. ఆ మాట నా కడుపులో చాలాకాలంగా ఉంది.

“నడిస్తె జబ్బు మల్ల రాదా బిడ్డా?”

ఆమె కాగితం మీద రాస్తున్నది ఆపింది. “రాదని నేను చెప్పలేను తాతా. బస్సెక్కనీకె, రోడ్డు దాటనీకె, నీ పనులు నువ్వు చేసుకోనీకె నీ కాళ్లు నీకు అక్కరకొస్తయ్. అది మాత్రం చెప్పగల్గుత.”

రోజూ అరగంట నడవాలంది. ఎంత జోరుగా అంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

మా ఆవిడ రాయచూరు వైపు పిల్ల. మా ఇంటికి వచ్చిన నాటి నుంచి పడుగు పని ఆమెది. పడుగు అంటే చీరకు నిలువుగా పోయే నూలు. దాన్ని వీధి పొడుగునా చాచి, తెగిన పోగులు అతుకుతూ ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూ ఉండాలి. నేను కూర్చున్న ఏళ్లన్నీ ఆమె నడిచింది. మొదటి రోజు పొద్దున కోట గోడ దాకా బయలుదేరాం. నేను నాలుగడుగులు వేసేలోపు ఆమె పది వేసింది. ఆగమన్నాను. ఆగలేదు. మళ్లీ అన్నాను. వెనక్కి తిరిగి చూసి మళ్లీ నడిచింది. నాకు రోషమొచ్చింది. ఒక కిరాణా దుకాణం మెట్టు మీద కాసేపు కూర్చుని ఒక్కణ్ణే ఇంటికి వచ్చేశాను. ఆమె కోట దాకా పోయి, నేను రాకపోయేసరికి వీధులన్నీ వెతుక్కుంటూ వచ్చింది.

సాయంత్రం ఆమె నూలు కండెలు చుడుతూ, రాట్నం ఆపకుండానే అంది. “ఏడాది నీకు అన్నీ మంచం కాడికి అందిచ్చిన. అందిచ్చి అందిచ్చి నిన్ను గిట్ల చేసిన. ఇంక అందియ్య. నాకు తెల్వక చేసిన పని అది.”

ఏడాదంతా తప్పు జబ్బుదనుకున్నాను. ఆమె తనదనుకుంటోందని నాకు తెలియదు. మర్నాడు నేనే ముందు లేచి తలుపు తీశాను.

వారం తిరిగేసరికి కోట గోడను ముట్టుకున్నాను. కొన్ని రోజులకు అక్కడి నుంచి రైల్వే స్టేషను రోడ్డు దాకా పోయేవాళ్లం. మా భజన మండలిలో పాడే పాటలు నడుస్తూ నాకు తెలియకుండానే అందుకునేవాణ్ణి. “పాట వస్తున్నది అంటె నువ్వు జోరు నడుస్తలేవ్” అనేది ఆమె. పాట ఆపి కాళ్లు చాచేవాణ్ణి. అంతా సాఫీగా జరగలేదు. ఒక రోజు చెప్పు తీస్తే మడమ దగ్గర రక్తం. చెప్పు పట్టీ ఒరుసుకుని పుండు పడి ఎన్ని రోజులైందో, నాకు నొప్పే తెలియలేదు. పది రోజులు మళ్లీ మంచం. ఫిజియో అమ్మాయి గట్టిగానే కోప్పడింది. రోజూ పడుకునేముందు పాదాల కింద అద్దం పెట్టి చూసుకోవాలని, మెత్తటి బూట్లు కొనాలని చెప్పింది. అరవై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి బూట్లు తొడిగాను. వాటి లేసులు కట్టుకోవడం నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఆ వానాకాలం పోయాక ఒక పొద్దున మా వీధిలో పక్కింటివాళ్లు పడుగు చాచారు. వాళ్లింట్లో ఒకరికి జ్వరం, పనికి ఒక మనిషి తక్కువ. నా చేతులకు ఏ జబ్బూ రాలేదు కదా అని పోయి నిలబడ్డాను. అది మా ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్ల పని. ఎవరైనా ఏమైనా అంటారేమోనని కాసేపు చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. తెగిన పోగు వెతకడం, రెండు కొసలూ కలిపి వేళ్ల మధ్య మెలితిప్పడం, ముందుకు నడవడం. ఎండ ఎక్కకముందే పని అయిపోయింది. ఎన్నిసార్లు తిరిగానో లెక్క కూడా పెట్టలేదు. అప్పటి నుంచి వారానికి రెండు పొద్దులు ఎవరో ఒకరు పిలుస్తున్నారు. మగ్గం ఎక్కలేకపోయానన్న బాధ పోలేదు. కానీ పొద్దున లేస్తే ఒక పని ఉంది.

వనపర్తిలో మూడు నెలలకోసారి చూస్తారు. రెండోసారి తొమ్మిది, మూడోసారి కూర్చోకుండా పదకొండు. గోపాల్‌పేట ఆమె నా అంకె తెలుసుకోవడానికి ఫోన్ చేసేది. తన అంకె ఎప్పుడూ నాకంటే రెండు ఎక్కువ చెప్పేది. నాలుగోసారి నేను పోయేసరికి ఆమె రాలేదు. ఫోన్ చేస్తే నాగర్‌కర్నూల్‌లో ఉండే ఆమె కూతురు ఎత్తింది. నడుం నొప్పని ఫొటోలు తీయిస్తే ఎముకలోకి వచ్చిందన్నారని, అమ్మ ఊళ్లోనే ఉందని, తానూ అక్కడే ఉన్నానని చెప్పింది.

ఒక్కణ్ణే పోయి చూసి వస్తానన్నాను. జబ్బు చేసినప్పటి నుంచి నేను ఒంటరిగా ఎక్కడికీ పోలేదు. మా ఆవిడ ఫోన్ తెచ్చి చేతికిచ్చింది. “పోయిరా. ఫోన్ జేబుల పెట్టుకో” అంది, అంతే. బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరి, అక్కడ ఇంకో బస్సెక్కాను. గోపాల్‌పేట దాటాక ఒక స్టేజీ దగ్గర దిగితే ఆటోలు లేవు. ఊరు మైలున్నర లోపలుంది. మట్టిరోడ్డు, రెండు పక్కలా పల్లీ చేన్లు. రాళ్లు ఉన్నచోట కిందికి చూస్తూ, చదునుగా ఉన్నచోట ముందుకు చూస్తూ నడిచాను. ఒక మోటారు గది నీడన ఆగి నీళ్లు తాగాను.

ఆమె వాకిట్లో మంచం మీద పడుకుని ఉంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి లేవబోతే కూతురు దిండు సర్దింది.

“ఆటోల వచ్చినవా అన్నా?”

“నడిచే వచ్చిన.”

“ఎంతసేపు పట్టింది?”

“ముప్పావు గంట.”

“నేనైతె అర్ధగంటల వస్తుండె” అని నవ్వబోయి నడుం పట్టుకుంది.

కూతురు టీ పెట్టడానికి లోపలికి పోయింది. ఆమె చేను వైపు చూసింది. “నీకంటె ఎక్కువనే నడిచిన గద. అయినా వచ్చింది” అంది.

ఏది చెప్పినా అబద్ధమే అవుతుందనిపించింది. ఆమె నా ముఖం చూసి తనే మళ్లీ అంది. “రాదని ఆ పిల్ల నాకు కూడ చెప్పలే. నడిచిన దినాలు మంచిగనే పోయినయ్ అన్నా. రెండు పంటలు చూసుకున్న. దానికి నాకు రంది లేదు. నువ్వు మాత్రం నన్ను చూసి బంద్ చెయ్యకు.”

తిరుగు ప్రయాణంలో నాకు నిజంగానే భయమేసింది. రెండు రోజులు నడవలేదు. ఆమెకు వచ్చిందంటే నాకెందుకు రాదని మంచం మీద కూర్చుని ఆలోచించాను. మూడో రోజు పొద్దున పడుగు పనికి పిలుపొచ్చింది. బూట్లు తొడుక్కుని పోయాను.

గోపాల్‌పేట ఆమెకు హైదరాబాదులో పది రోజులు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. నొప్పి చాలావరకు తగ్గింది. ఇప్పుడు కర్ర పట్టుకుని మంచం నుంచి వాకిలి గేటు దాకా రోజుకు రెండుసార్లు నడుస్తోంది. నాకు ఒకసారి పదమూడు దాకా వచ్చింది, మొన్న మళ్లీ పన్నెండే. ఈ వయసులో ఉన్నది నిలబెట్టుకున్నా మంచిదేనని ఫిజియో అమ్మాయి రాసుకుంది. పాదాల మొద్దు పోలేదు, పోదనే అంటున్నారు. వచ్చే నెల నాకు స్కానింగు ఉంది.

నిన్న సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను. పల్లీ పీకుతున్నారట. కూలీలు దొరకడం లేదని, ఈసారి కాయ బాగా ఊరిందని, పందులు మాత్రం ఒక మూల అంతా తవ్వి పోశాయని చాలాసేపు చెప్పింది. అంకెల సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.