జర్మనీలో ఇల్లరికం

తొంభైల మొదట్లో ఒమాన్‌లోని సహంలో అన్న, నేను ఒకే కంపెనీలో తాపీపని చేసేవాళ్లం. ఊరి నుంచి అన్నకు ఒక సంబంధం వచ్చింది. పిల్ల నచ్చింది. ఒక్కతే కూతురు కాబట్టి ఇల్లరికం రావాలన్నారు. ఆ సంగతి తెలిశాక రూమ్‌లో వాళ్లు అన్నను నెమ్మదిగా అన్నం తిననివ్వలేదు.

"అత్త లేవకముందే లేచి బర్రెలు కడగాలె అల్లుడా! ఇప్పటిసంది నేర్చుకో!"

అన్న ఆ సంబంధం వద్దని చెప్పేద్దామనుకున్నాడు.

మా సైట్ ఇంజినీరు జర్మనీ మనిషి. హిందీ బాగానే లాగించేవాడు. ఒకరోజు టీ తాగుతూ తమ ఊళ్లోని పొలం కథ చెప్పాడు. అడవి పక్కన పాత ఇల్లు, పెద్ద పశువుల కొట్టం, తరతరాలుగా ఆ పొలానికి ఒక పేరు. ఆ ఇంటి ఆడపిల్లను చేసుకుని వచ్చినవాడు తన ఇంటిపేరు వదిలి పొలం పేరు పెట్టుకోవాలట. ఆయన తాత అలాగే వచ్చాడు, తండ్రీ అలాగే వచ్చాడు.

అన్న గ్లాసు కింద పెట్టాడు. "సార్, మీ నాన్న పశువుల్ని కడిగేవాడా?" అని హిందీలో అడిగాడు.

"రోజూ. పందుల్ని కూడా."

ఆ సాయంత్రమే అన్న రూమ్‌లో అందరి మధ్యనే టేప్ రికార్డర్ ముందు కూర్చుని, కాబోయే మామకు పంపడానికి క్యాసెట్‌లో మాట్లాడాడు. "మామా, నేనొస్త. బర్రెలు కడుగుత. పందులుంటే మాత్రం నాతోని కాదు. ఇంటిపేరైతే అస్సలు ఇడిశిపెట్ట."

అన్న చనిపోయి ఏడాదైంది. ఆ క్యాసెట్ వదిన దగ్గరే ఉంది. మొన్న ఇద్దరం విన్నాం. అన్న మాటల కంటే రూమ్ వాళ్ల నవ్వులే ఎక్కువ వినిపించాయి. వదిన మళ్లీ మొదటి నుంచి పెట్టమంది.