ఇంకెవర్నీ పంపవద్దని చేసిన ప్రార్థన

సహోదరీ సహోదరులారా, పోయిన ఏడాది ఇదే మందిరంలో వెనక వరసలో కూర్చుని నేనెంత ఏడ్చానో దేవునికి తెలుసు, నా పక్కన కూర్చున్నవాళ్ళకీ తెలుసు! మా ఆయన జబ్బుతో మంచమెక్కాక అమలాపురం దగ్గర మా ఇంటిమీద తెచ్చిన బ్యాంకు అప్పు వాయిదాలు ఆగిపోయాయి, ఇక్కడ ఈ పరాయిదేశంలో, ఉమ్ సలాల్‌లో విల్లా వంటపనికి వచ్చే నా జీతం మందులకే సరిపోయేది, ఇల్లు అమ్మినా అప్పు పూర్తిగా తీరదు. చివరికి బ్యాంకువాళ్ళే, ఇల్లు వేలం వేసేలోపు మీరే అమ్ముకోండి, ధర మాకు నచ్చితే మిగతా అప్పు వదిలేస్తాం అన్నారు. వేలానికే పోతే ఆ మిగతా బాకీ హామీ సంతకం పెట్టిన మా చెల్లెలి మెడకు చుట్టుకుంటుంది, దానికున్నది ఒక కుట్టుమిషను!

కొనేవాళ్ళు రావాలని మీరంతా ప్రార్థించారు. వచ్చారండీ, ఒకరు కాదు, నలుగురు! అక్కణ్ణుంచి మొదలయ్యాయి నా తిప్పలు. మా ఊరి బ్రోకర్ సత్తిబాబు నలుగురికీ ఇల్లు మీదేనని మాటిచ్చేసి, ఎవరు కాస్త పెంచితే వాళ్ళ కాగితం పట్టుకుని బ్యాంకుకు పరిగెత్తేవాడు, కొత్త కాగితం వెళ్ళినప్పుడల్లా బ్యాంకువాళ్ళు పరిశీలన మళ్ళీ మొదటికి తెచ్చేవారు. మేడమ్ కంటపడకుండా వంటింట్లోంచి ఫోన్ చేస్తే, "కంగారెందుకక్కా, ఇంకొకాయన వస్తానన్నాడు" అంటాడు! ఒళ్ళు మండదా చెప్పండి! ఈలోగా విసిగిపోయి ఇద్దరు జారుకున్నారు, వేలం దగ్గరపడింది.

ఆ శుక్రవారం పాస్టర్ అయ్యగారు చేసిన ప్రార్థన నేను బతికినంతకాలం మరచిపోను. "తండ్రీ, ఇంకెవర్నీ పంపవద్దు. వచ్చినవాళ్ళలో ఒక్కరిని నిలబెట్టు. ఈ బిడ్డ నోటికి ధైర్యమివ్వు."

మందిరం మెట్లమీదే సత్తిబాబుకి ఫోన్ చేశాను. నాకెక్కడిదో ఆ గొంతు! "తమ్ముడూ, ఉన్న ఇద్దరికీ ఒకే గడువు పెట్టి చివరి ధర రాయించుకో. డబ్బు చేతిలో ఉన్నవాళ్ళకి మీ బావగారు సంతకం పెడతారు, ఆ ఒక్క కాగితమే బ్యాంకుకు వెళ్ళాలి. రెండోవాళ్ళకి మీరు వెనక వరసలో ఉన్నారని ఉన్నమాట చెప్పు" అన్నాను. సణిగాడు గానీ చేశాడు! ఎక్కువ ధర చెప్పినాయన ఇంకా లోను కోసం తిరుగుతున్నాడు, కాస్త తక్కువ చెప్పిన టీచరమ్మ డబ్బు సిద్ధంగా పెట్టుకున్నారు. ఆమెనే నిలబెట్టాం. బ్యాంకు ఒప్పుకుంది! దేవునికే మహిమ!

"అక్కా, హామీ కాగితంలో నా పేరు కొట్టేశారే" అని చెల్లెలు ఫోన్‌లో ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఉల్లిపాయలు తరుగుతున్నాను గనుక మేడమ్‌కి అనుమానం రాలేదు.

మనుషులతో వేగలేక విసిగిపోయినవాళ్ళు మీలో ఉంటే, ఆ విసుగుతోనే ఆయన దగ్గరికి రండి, ఆయన ఏమీ అనుకోడు. మా ఇల్లు పోయింది సహోదరులారా. మా చెల్లెలు మాత్రం ఇప్పుడు కడుపునిండా తిని హాయిగా నిద్రపోతోంది.