అంచుకు జర ఎక్కువ

మా ఆయనకు కదిలే వస్తువు కనబడితే చాలు, దానిమీద ఏదో ఒకటి పూయాలని చేతులు దురద పెడతాయి. కదలకుండా నిలబడ్డ గోడకు సున్నం వెయ్యమంటే మాత్రం అప్పటికప్పుడు నడుం పట్టేస్తుంది.

పెళ్ళయిన కొత్తలో నామీద ప్రేమతో రొట్టెలకు నెయ్యి రాసే యంత్రం చేశాడు. రెక్సిన్ పట్టీ మీద రొట్టెలు వరసగా నడిచి వస్తుంటే, పైనున్న గొట్టం ప్రతి రొట్టెకూ ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకేలా నెయ్యి రాయాలి. గొట్టం తన పని తాను చేసింది. రొట్టే నడవలేదు. ఇంట్లో ఉన్న నెయ్యంతా ఒక్క జొన్నరొట్టె తాగి కూర్చుంటే, మా అత్తమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తిపట్టి, "తిను బిడ్డా, నీ మొగడు నీ కోసమే చేసిండు" అంది. ఆ తరవాత ఇస్త్రీ చీరలకు నీళ్ళు చిలకరించే చట్రం వచ్చింది. అది చీరను వదిలేసి స్విచ్చుబోర్డును చక్కగా, సమంగా తడిపింది. అప్పటినుంచి నేను ఆయన్ని ఇంజినీరు సాబ్ అంటాను. కోపం వచ్చినప్పుడు సాబ్ తీసేస్తాను.

ఆయన ఇంజినీరే, అందులో అబద్ధం లేదు. సూరత్ పక్కనున్న సచిన్‌లో ఒక కోటింగు మిల్లులో ఉద్యోగం. పరుగెత్తే గుడ్డమీద పల్చటి ద్రవం పూసి ఆరబెట్టే మిల్లు అది. రెయిన్‌కోట్లకూ గొడుగులకూ నీళ్ళు దిగని గుడ్డ అలాగే తయారవుతుంది. పూత ఈ పక్కనుంచి ఆ పక్కదాకా ఒకే మందాన ఉండాలి. చెప్పడానికి ఇంతే. దీనికోసం ఆయన నెత్తిమీద సగం జుట్టు పోయింది.

మాది సిరిసిల్ల, పని కోసం సూరత్ వచ్చాం. మా ఆయన వాళ్ళది నేత ఇల్లు, మాదీ నేతకులమే. కాకపోతే మా నాయన మగ్గం వదిలి కుట్టుమిషన్ ఎక్కాడు. ఇది చిన్న తేడా కాదని అత్తవారింట్లో కాలు పెట్టాక తెలిసింది. దర్జీ తన చేతికి గుడ్డ రాగానే మొదట చేసే పని అంచు కోసి పారెయ్యడం. అంచు ఉంచి కుడితే ఉతికాక ముడుచుకుపోతుంది మరి. నేతవాళ్ళకేమో అంచంటే ఇంటి పరువు. నేను కత్తెర తీసినప్పుడల్లా అత్తమ్మ తన వేలే తెగినట్టు "స్స్" అనేది.

"గంత కష్టపడి నేసిన అంచు, గట్ల కోసి పారేస్తవానే?"

"కొయ్యకుంటే జాకెట్టు సంచి లెక్క అయితది అత్తా."

"కానీ. సంచే తొడుక్కుంటం."

రోజూ మా ఇంట్లో ఇదే భాగోతం.

కరోనా వచ్చి అన్నీ మూతపడ్డప్పుడు సూరత్ వడోద్‌లో మేముండే గల్లీ వెనక సాంచాలు ఆగిపోయాయి. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలు అంటారు. పగలూ రాత్రీ టకటకలాడే ఆ చప్పుడు లేకపోయేసరికి అత్తమ్మకు నిద్ర కరువైంది. చుట్టుపక్కల చాలామంది రైళ్ళు నడవగానే ఊళ్ళకు వెళ్ళిపోయారు. మేము ఆగాం. ఎందుకంటే మా ఆయన మిల్లు సేఠ్‌కు ఒక ఆర్డరు వచ్చింది: డాక్టర్లు తలనుంచి కాళ్ళదాకా తొడుక్కునే సూట్ల గుడ్డ. ఇన్నేళ్ళూ మా ఆయన సేఠ్ చెవిలో జోరీగలా రొదపెట్టిన కొత్త పరికరానికి అప్పుడు మోక్షం దొరికింది.

పాత పద్ధతిలో గుడ్డమీద ద్రవం పోసి, పొడవాటి కత్తితో ఎక్కువైనదంతా గీకేసేవారు. ఈయన చేసింది గుడ్డ వెడల్పంత పొడవున్న ఉక్కు పెట్టె. దాని అడుగున సన్నటి చీలిక. ద్రవం ఆ చీలికలోంచి పల్చటి తెరలా దిగి, కింద పరుగెత్తే గుడ్డమీద పడుతుంది. గీకే పని లేదు, వృథా లేదు. ఆ చీలికను ఆయన ఇంగ్లీషులో పెదవి అంటాడు. నేను మూతి అంటాను. నిజం చెప్పాలంటే, నన్ను చూసినప్పటికంటే ఆ మూతిని చూసినప్పుడే ఆయన ముఖం ఎక్కువ వెలిగేది.

మొదటి ట్రయల్ రోజు పొద్దున దేవుడికి దండం పెట్టుకొని వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, గుమ్మం బయటే బట్టలు బకెట్లో పడేసి, స్నానం చేసి, గోడకు ఆనుకొని కూలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాను.

"డమరుకం అయింది."

చుట్టిన గుడ్డ థాను రెండు కొసలూ ఉబ్బి, నడుమ సన్నగా వచ్చిందట. అంచుల దగ్గర పూత మందంగా పడింది. మందం మీద మందం చుట్టుకునేసరికి కొసలు లేచాయి. నడుమ గుడ్డ వదులై ముడతలు పడింది. విప్పబోతే అంచులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సేఠ్ కోప్పడలేదు. "ఏక్ ఔర్ ట్రయల్ కర్ లో భాయ్. ఫిర్ బస్" అన్నాడు. ఈసారీ కుదరకపోతే ఆ మిషను తుక్కు కొనేవాడి బండెక్కుతుంది, మా ఆయన ఉద్యోగమూ దానితోపాటే. సిరిసిల్లకు పోదామంటే అక్కడా సాంచాలు పడుకునే ఉన్నాయి.

నాకు చాలా భయం వేసింది. ఆయనకు మాత్రం ఉద్యోగంకన్నా మూతి మీదే బెంగ. "ఇన్నేండ్ల పని, తుక్కుల పడ్తదే" అన్నాడు. కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచాడు. అప్పుడు మాత్రం ఇంజినీరు సాబ్ అని పిలవడానికి నాకు నోరు రాలేదు.

ఆయన అనుమానించని వస్తువు లేదు. పంపు సరిగ్గా తొయ్యడం లేదేమో అన్నాడు. ద్రవం చిక్కబడిందేమో అన్నాడు. రోలరు ఒక పక్కకు ఒరిగిందేమో అన్నాడు. అన్నీ చూశాడు, అన్నీ బాగానే ఉన్నాయి. ద్రవం మళ్ళీ వచ్చేదాకా మిల్లులో పని లేదు కాబట్టి, ఇంట్లోనే ఒక చిన్న నమూనా చేసి చూస్తానన్నాడు. ఆ మాట వినగానే నేను నెయ్యి డబ్బా దాచేశాను.

నెయ్యి కాదు, ఈసారి గంజి. నీళ్ళ గొట్టానికి పొడుగునా చీలిక కోశాడు. నా రొట్టెల కర్రలు రెండూ ఇక దొరకలేదు, అవి రోలర్లు అయిపోయాయి. నా కుట్టుమిషన్ మోటారు ఊడబీకుతుంటే మాత్రం నేను అడ్డం పడ్డాను.

"నా మోటారు కాలిపోతే నిన్ను పెడత దాని జాగల. కాళ్ళతోటి తొక్కుకుంట తిప్పాలె."

"జర ఓపిక పట్టు. నీకు దండం పెడ్త."

అత్తమ్మకు మాత్రం పండగ వచ్చినట్టయింది. గంజి అనగానే లేచి కొంగు బిగించింది. "పక్కకు జరుగు పిల్లా, మీ దర్జీలకు గంజేం తెలుసు" అని నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. గుడ్డగా తన పాత నూలు చీరలు ఇచ్చింది. మోటారు తిరిగింది, కర్రలు తిరిగాయి, చీర కదిలింది, గొట్టంలోంచి గంజి తెరలా దిగింది. నిజంగానే దిగింది! బాల్కనీలో ఆరేసిన చీరలు చూసి ఎదురింటి గుజరాతీ ఆవిడ, "అప్పడాలు పెడుతున్నారా?" అని హిందీలో అడిగింది.

ఆరిన చీరలు మళ్ళీ కట్టుకునేలా లేవు. మాస్కులకు పనికొస్తాయని నేను కత్తెర పట్టాను. ఎప్పటిలాగే మొదట అంచు కొయ్యబోయాను. అత్తమ్మ ఎప్పటిలాగే "స్స్" అంది. కత్తెర కదలలేదు. నడుమ గుడ్డ మెత్తగానే ఉంది, అంచు మాత్రం రేకుముక్కలా బిగుసుకుపోయింది. ఇంకో చీర తీశాను, అదీ అంతే.

"ఏందయ్యా ఇది? అంచులకే గింత గంజెందుకు పోసినవ్?"

ఆయన తలెత్తకుండానే, "అంచుకు జర ఎక్కువ పోవాలె గదా" అన్నాడు.

"పోవాలె మరి!" అంది అత్తమ్మ.

తల్లీకొడుకులు పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత ధీమాగా అన్నారు. నేను కత్తెర కింద పెట్టాను.

"మిల్లుల మూతికి గూడ గిట్లనే పెట్టినవా?"

ఆయన చేతిలో పానా ఆగిపోయింది. "కొసలకు… జర ఆకురాయి పెట్టిన. రెండు దిక్కుల" అన్నాడు.

ఓరి నాయనో! పంపును అనుమానించాడు, రోలరును అనుమానించాడు, ఆఖరికి సూరత్ ఉక్కపోతను కూడా అనుమానించాడు. కొసల్లో చీలిక తనే తన చేత్తో వెడల్పు చేసిన సంగతి ఆయనకు తప్పుగా తోచనే లేదు. అంచుకు ఎక్కువ పెట్టడమనేది ఆయన లెక్కలోకి వచ్చే విషయమే కాదు, ఊపిరి పీల్చుకోవడం లాంటిది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వాను.

ఆయన నవ్వలేదు. గోడకు వేలాడే కుంచె వైపు చూస్తూ కూర్చున్నాడు. అది మా మామది. నా పెళ్ళికి ముందే పోయాడు. సిరిసిల్లలో గల్లీ పొడుగునా పడుగు సాగదీసి, ఆ కుంచెతో దారాలకు గంజి పట్టించేవాడట. మగ్గం మీద ఎక్కువ దెబ్బ తినేవి అంచు పోగులే కాబట్టి వాటిని చివరికి ఉంచుకొని, కుంచె రెండుసార్లు గుంజేవాడు. ఆ రెండోసారి సర్రుమన్న చప్పుడు వినబడితే ఆనాటి పని అయిపోయినట్టు. ఇంట్లోంచే అది విని అత్తమ్మ పొయ్యిమీద చాయ్ పెట్టేది. వాళ్ళిద్దరి మధ్య కబురంటే అదే. ఈ కథ నాకు అత్తమ్మ చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ చాయ్ దగ్గర ఆగి ముక్కు తుడుచుకుంది.

"కొసలు సమానం చెయ్యాలె అవ్వా" అన్నాడు ఆయన చివరికి. తల్లిని అనుమతి అడిగినట్టే ఉంది.

"అంచుకు గంజి తక్కువ పెడితే మీ నాయన మీదికి లేస్తుండె" అంది అత్తమ్మ. "పోగులు తెగుతయిరా."

"గక్కడ మగ్గం లేదవ్వా. ఏ పోగూ తెగది."

"అంచు అంచేరా."

ఉద్యోగం పోయేలా ఉంది, వీళ్ళు అంచు దగ్గర పంతం పట్టి కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"అత్తా, ఆ గుడ్డతోటి డాక్టర్లకు సూట్లు కుడ్తరు. కుట్టే ముందు అంచు కోసి అవతల పారేస్తరు. నా అసొంటిదే ఎవతో కోస్తది. మన ఇంజినీరు ఎక్కువ పోసిందంత చెత్తబుట్టల పడ్తది."

అత్తమ్మ నన్ను చూసింది, కొడుకును చూసింది. "కోసి పారేస్తరా? ఆసుపత్రి సూటుది గూడనా?"

"గుడ్డ ఏదైనా కోసుడే."

"మరి కోసి పారేసేదానికి గంజెందుకురా దండుగ! తియ్యి. మీ నాయనకు నేను చెప్పుకుంట" అంది.

ఇన్నేళ్ళుగా నా కత్తెరను తిట్టిన మనిషి! ఆ మాటతో ఆయన లేచాడు. కుంచెను ఒకసారి ముట్టుకొని, చెప్పులు వేసుకొని మిల్లుకు వెళ్ళాడు. పాత మూతి పలకలు పక్కన పడేసి, కొత్తవి ఆకురాయి ముట్టకుండా బిగించాడు.

రెండో ట్రయల్ నాడు నాకూ అత్తమ్మకూ ఇంట్లో కాళ్ళు నిలవలేదు. ఆమె శుభ్రంగా ఉన్న గిన్నెలే మళ్ళీ తోమింది. నేను కుట్టిన మాస్కులే విప్పి మళ్ళీ కుట్టాను. మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. ఎత్తితే ఆయన వెనక మిషను నడుస్తున్న రొద మాత్రం వినబడింది.

"ఏమైందయ్యా? నోరు తెరువు!"

"సమానంగ వస్తున్నది" అన్నాడు. "సేఠ్ చూసిండు. నడిపిచ్చుడే అన్నడు." ఉద్యోగం నిలబడింది, ఆయన మూతి నిలబడింది. ఏడుస్తూనే ఫోను అత్తమ్మ చెవికి ఆనించి, నాకూ వినబడేలా స్పీకరు పెట్టాను.

ఆమె కళ్ళు మూసుకొని ఆ రొద వింది. చాలాసేపు వింది. సాంచాలు ఆగాక మా ఇంట్లోకి వచ్చిన మొదటి మిల్లు చప్పుడు అది.

"బిడ్డా, ఎప్పుడు ఆగుతదిరా?" అంది.

"ఆగదవ్వా. నడుస్తనే ఉంటది."

"అంచు కాడ గూడ ఆగదా?"

"అంచు కాడ ఆగేది లేదవ్వా. అంత ఒక్కటే."

అత్తమ్మ పొయ్యి వైపు చూసింది. "మరి నేను చాయ్ ఎప్పుడు పెట్టాలెరా?"

మిషను రొద ఒక్కటే వస్తోంది. ఆ తరవాత ఆయన గొంతు, చిన్నపిల్లాడి గొంతులా, "పెట్టవ్వా. ఇప్పుడే పెట్టు" అంది.

సచిన్ నుంచి ఆయన రావడానికి ఇంకా చాలా పొద్దుంది. అయినా అత్తమ్మ వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఇంట్లో మేం ముగ్గురం. ఆమె నాలుగు గ్లాసులు కడిగి పెట్టింది. నేను ఇంకో గ్లాసుడు నీళ్ళు గిన్నెలో పోశాను.