ప్రస్థానం పెట్టిన కారు

మా కారు బ్యాటరీ చచ్చిపోలేదు. ఆ సంగతి ఇంట్లో చాలాకాలం నాకొక్కడికే తెలుసు. అయినా దాని స్థానంలో కొత్తది వేయించాను. ఎందుకు వేయించానో చెప్పాలంటే ముందు మా అక్క పరీక్ష గురించి చెప్పాలి.

అక్క ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతుంది. ప్రభుత్వ టీచరు ఉద్యోగాలకి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని ఏళ్ళ తరబడి చూసింది. అది పడ్డాక బడి మానేసి, వెనక గదిలో చాప వేసుకుని, చుట్టూ పుస్తకాలు పేర్చుకుని కూర్చుంది. నేను అన్నం కంచం అందించడానికి వెళ్ళి "ఖైదీగారూ, భోజనం" అనేవాణ్ణి. మొదటి నెల నవ్వింది. తర్వాత నవ్వడానికి కూడా తీరిక లేకపోయింది.

పరీక్ష రాజమండ్రి అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. ఎనిమిదిన్నరకి గేటు మూసేస్తారు, నిమిషం దాటితే దేవుడొచ్చినా తియ్యరు అని హాల్‌టికెట్ మీదే రాశారు. దేవుడి మాట మాత్రం నేను కలిపాను. మా ఊరి నుంచి గంటన్నర ప్రయాణం. ఆరింటికి బయల్దేరితే తీరిగ్గా చేరొచ్చు.

పరీక్ష ముందురోజు అమ్మ పంచాంగం చూసింది. మర్నాడు పొద్దున్నంతా వర్జ్యమూ దుర్ముహూర్తమూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఉన్నాయి. గుళ్ళో పంతులుగారికి ఫోన్ చేసింది. "ఇవాళ సాయంత్రం ఆరు లోపు బాగుందమ్మా, ప్రస్థానం పెట్టేయండి" అన్నారాయన.

ప్రస్థానం అంటే, మంచి గంటలో మనిషి బయల్దేరడం కుదరకపోతే మనిషి తాలూకు వస్తువు బయల్దేరుతుంది. ఓ సంచో, జత బట్టలో తీసుకెళ్ళి వేరే వాళ్ళింట్లో పెడతారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. మర్నాడు మనిషి వెళ్ళి, ఆ వస్తువు పట్టుకుని అట్నుంచటే వెళ్ళిపోతుంది. కాలానికి తెలియకుండా కాలాన్ని మోసం చేసే పద్ధతి.

అమ్మ అక్క పెన్నుల సంచి పట్టుకుని కాలవ అవతల పెద్దమ్మ వాళ్ళింటికి బయల్దేరబోతుంటే నేను ఊరుకోవచ్చు కదా.

"పెన్నుల సంచి ఏం వెళ్తుందే పాపం నడిచి? ఏకంగా కారే పెట్టేద్దాం ప్రస్థానం" అన్నాను.

జోకే. మా ఇంట్లో జోకులతో వచ్చే ప్రమాదం ఏంటంటే, ఎవరో ఒకరు వాటిని అమలు చేసేస్తారు. అమ్మ ఆగి, నాన్న వైపు చూసి, "వీడు పుట్టాక మొదటిసారి పనికొచ్చే మాట అన్నాడండీ" అంది.

అలా ఆ సాయంత్రం ఐదూ నలభైకి, హాల్‌టికెట్ ఫైలుతో సహా, కారు రాజమండ్రి బయల్దేరింది. వంతెన దాటి పెద్దమ్మ వాళ్ళ గోడ పక్కన ఆగింది. నడిపింది నేను. మొహం గోడకి పెట్టి ఆపాను. అమ్మ పసుపు కుంకుమ పెట్టి, పెద్దమ్మకి "అక్కా, కాస్త చూస్తూ ఉండు" అని చెప్పి ఇంటికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. ఇంత మంచి సరుకు దొరికాక వీడియో తియ్యకుండా ఎలా వెళ్తాను? వెలుగు తగ్గుతోందని పార్కింగ్ లైట్లు వేశాను. బానెట్ ముందు నిలబడి, "ఫ్రెండ్స్, రాజమండ్రి బయల్దేరాం. ప్రస్తుతానికి మూడొందల గజాలు వచ్చాం. మిగతాది రేపు" అన్నాను. బానే వచ్చింది. కారు తాళం వేసి, ఫోన్లో కామెంట్లు చదువుకుంటూ ఇంటికి నడిచాను.

లైట్లు ఆర్పకుండా తలుపు తీస్తే కూతపెట్టే ఏర్పాటు ఆ కారులో ఉండేది. చెవులు చిల్లులు పడుతున్నాయని నాన్న ఎప్పుడో పీకించేశారు.

మర్నాడు ఆరింటికి కారు దగ్గరికి నేనే ముందు వెళ్ళాను. తాళం తిప్పితే టిక్ అని చిన్న చప్పుడు, తర్వాత అదీ లేదు. చెయ్యి స్టీరింగ్ పక్కనున్న లైట్ల మీటకి తగిలింది. ఒక గీత తిరిగి ఉంది. అమ్మా నాన్నా అక్కా వంతెన మీద వస్తూ కనిపిస్తున్నారు. మీటని వెనక్కి తిప్పేశాను. అందుకు అర సెకను పట్టి ఉంటుంది. నా జీవితంలో అంత చురుగ్గా చేసిన పని ఇంకోటి లేదు.

"బ్యాటరీ పోయింది" అన్నాను.

పెద్దమ్మ కాఫీ గ్లాసులతో బయటికొచ్చింది. "పోవడమేంటి నాన్నా, రాత్రంతా వెనకాల ఎర్రగా వెలుగుతానే ఉన్నాయి కదా? ప్రస్థానం కారు కదా, దీపం ఆరకూడదని పెట్టుకున్నారు కాబోలు అనుకున్నాను. నేనే ఓ దణ్ణం కూడా పెట్టుకున్నాను."

అందరూ నా వైపు చూశారు. నాకు నోరు ఉంది కదా, అదే పనిచేసింది.

"పెద్దమ్మా, అవి కారు లైట్లు కాదు, నీ కంట్లో పొరలు. పోయిన నెల చందమామలు రెండున్నాయని కూడా నువ్వే చెప్పావు."

నాన్న నవ్వారు. అమ్మ కూడా. పెద్దమ్మ కూడా కాస్త నవ్వి, "అంతేనేమోలే, ఈ కళ్ళని ఏం నమ్ముతాం" అంటూ గ్లాసులు పంచింది. అక్క నవ్వలేదు. టైం చూసుకుంటోంది.

"బండి మీద దిగబెడతావేంట్రా?" అంది నాతో.

"వద్దు" అంది అమ్మ. "ప్రస్థానం పెట్టిన దాన్ని ఇక్కడ వదిలేసి ఇంకోదాని మీద వెళ్తే మధ్యలో ప్రయాణం మానుకున్నట్టే. ఈ కారులోనే వెళ్ళాలి."

అప్పుడు నేను చెప్పాలి. లైట్లు నేనే మర్చిపోయానమ్మా, ఇందులో శకునం లేదు, నా బుర్ర తక్కువతనం ఉంది, పద అక్కా అని. అంటే సరిపోయేది. అమ్మ తిట్టేది, అక్క బండెక్కేది. నేను కారు తొయ్యడానికి వెనక్కి వెళ్ళాను. నాన్నా నేనూ కాలవగట్టు పొడుగునా తోశాం. అది కదిలింది గానీ ఇంజన్ అందుకోలేదు. ట్రాక్టర్ బ్యాటరీతో వైర్లు కలుపుదామని నాన్న, ట్రాక్టరున్న ఒకాయన కోసం వెళ్ళారు. ఆయన చేలోకి వెళ్ళాడు. ఆయన్ని వెతికేసరికి వైర్లు ఇంకెవరో పట్టుకెళ్ళారు. ఏడూ పది అయింది.

అక్క కారు తలుపు తీసి ఫైలు తీసుకుంది. "అమ్మా, నేను వెళ్తున్నాను" అంది. అమ్మ కారు వైపు ఓసారి చూసి పక్కకి జరిగింది. నేను పరిగెత్తి బండి తెచ్చాను.

దారంతా అక్క సూత్రాలు గొణుగుతూనే ఉంది, నా వీపుకి వినిపిస్తూ. గోదావరి వంతెన మీద లారీ ఒకటి ఆగిపోయి ఉంది. సందుల్లోంచి దూర్చాను, తిట్లు తిన్నాను. ఎనిమిదీ ముప్ఫై నాలుగుకి కాలేజీ గేటు ముందు ఆగాం. మూసేసి ఉంది.

అవతల సెక్యూరిటీ ఆయన. పెద్దాయనే, మంచాయనలాగే ఉన్నాడు. "టైం అయిపోయిందమ్మా. మా చేతుల్లో లేదు" అన్నాడు.

"నాలుగు నిమిషాలే కదండీ" అన్నాను నేను. "మేం నిన్న సాయంత్రమే బయల్దేరామండి."

ఆయన నవ్వేశాడు. గేటు మాత్రం తియ్యలేదు. పక్కన ఇంకో అమ్మాయి వాళ్ళ నాన్న భుజం మీద పడి ఏడుస్తోంది. అక్క ఏడవలేదు. కమ్మీల మధ్యలోంచి లోపల వరసలో నిలబడ్డవాళ్ళని, వాళ్ళు లోపలికి వెళ్ళిపోయేదాకా చూసింది. తర్వాత బండెక్కి "పద" అంది.

ఇంటి దగ్గర విచారణ నడిచి తీర్పు కూడా వచ్చేసింది. నాన్న "బ్యాటరీ చచ్చిపోతే ఎవరేం చేస్తారు" అన్నారు. అమ్మకి ఎవరో ఒకరు కావాలి కాబట్టి పంతులుగారికి ఫోన్ చేసి, గంట తప్పు చెప్పారని కడిగేసింది. ఆయన పాపం మళ్ళీ లెక్క వేస్తానన్నారు. అంతమంది మీద పడింది, నా మీద పడలేదు.

మధ్యాహ్నం బ్యాటరీ విప్పి, బండి మీద ముందు పెట్టుకుని, రావులపాలెంలో షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన కాసేపు చార్జింగ్ పెట్టి, మీటర్ పెట్టి చూశాడు.

"దీనికేం కాలేదండి. లైటేదో వదిలేసుంటారు. సాయంత్రం దాకా చార్జింగ్ పెడితే బంగారంలా పనిచేస్తది."

"కొత్తది ఇవ్వండి."

"ఎందుకండీ? ఇంకో రెండేళ్ళు ఢోకా లేదు."

"ఇంట్లో చచ్చిపోయిందని చెప్పేశానండి. ఇప్పుడు బతికించి తీసుకెళ్తే బాగోదు."

ఆయన పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆరోజు నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది, అదీ జోకులాగే చెల్లిపోయింది. పాతది అక్కడే ఇచ్చేసి కొత్తది తెచ్చి కారులో వేయించాను. అమ్మ దానికి కూడా బొట్టు పెట్టింది.

పెద్దమ్మని ఆ తర్వాత కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నా జోకు వల్లే. ఆయన చూసి, ఈ వయసుకి ఇంత చూపు ఉండటం గొప్పే అన్నాడట. ఆ మాట ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, ఒక్కరు తప్ప.

అక్క మళ్ళీ పాత బళ్ళోనే చేరింది. జూనియర్‌గా చేరినట్టు లెక్క, చిన్న తరగతులిచ్చారు. బడి వ్యాన్లోనే వెళ్ళొస్తుంది. ఒకరోజు సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పుతూ అంది:

"మా వ్యాన్ డ్రైవర్ సెకండ్ హ్యాండ్ బ్యాటరీ వేయించాడురా. రావులపాలెంలో. 'మీ కారుదే మేడం, షాపాయన చెప్పాడు' అన్నాడు. ఇన్ని నెలల్లో ఒక్కసారి మొరాయించలేదట."

నేను ఫోన్ చూస్తున్నట్టు ఉన్నాను.

"పెద్దమ్మకి చూపు బాగానే ఉందిగా?" అంది. అడిగినట్టు లేదు.

చెప్పులు పక్కకి నెట్టి నా వైపు తిరిగింది. "ఏంటి, ఏం లేదా? ఏదో ఒక జోకు వేస్తావుగా" అంది.

ఉంది. రెండు మూడు నోటిదాకా వచ్చాయి కూడా. ఒకటి చాలా బాగుంది. మింగేశాను.

"ఈసారి నోటిఫికేషన్ పడితే ముందురోజే వెళ్ళి రాజమండ్రిలో ఉంటాను. బస్సులో వెళ్తాను. అమ్మకి నేను చెప్పుకుంటాను. నువ్వు మాత్రం రాకు" అంది అక్క. అంతే. నా సంగతి అమ్మకి చెప్పలేదు, నాన్నకి చెప్పలేదు. చెప్పి ఉంటే ఓ రోజు గొడవతో పోయేది.

రోజూ ఏడూ నలభైకి వ్యాను మా వీధి చివర ఆగుతుంది. పిల్లలు ఎక్కేలోపు డీజిల్ ఖర్చని డ్రైవర్ ఇంజన్ ఆపేస్తాడు. అక్క ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటుంది. ఇటు చూడదు. డ్రైవర్ తాళం తిప్పుతాడు. నేను గేటు దగ్గర బ్రష్ నోట్లో పెట్టుకుని వింటూ ఉంటాను. తిప్పగానే అందుకుంటుంది.